వైప్‌ఎఫ్‌ఎస్: చెరిపేదెంత, మిగిలేదెంత?

2025 మే నెలలో హైదరాబాదు ఫిలింనగర్ పోలీసులకు ఒక ఫిర్యాదు అందినది. ‘కన్నప్ప’ చిత్రానికి చెందిన గ్రాఫిక్స్ దృశ్యాలు గల హార్డ్ డిస్కు ముంబయి నుండి కొరియరులో వచ్చి, ఆ తరువాత కనబడకుండా పోయినదని దాని సారాంశం. ఆ వ్యవహారం తేల్చవలసినది పోలీసులు, న్యాయస్థానం. అయితే దానివల్ల ఒక సంగతి లోకానికి తెలిసివచ్చినది. వెనుకటి రోజులలో ఒక చిత్రాన్ని ఎత్తుకుపోవాలంటే రీళ్ల డబ్బాలు మోసుకుపోవడానికి బండి కావలసి ఉండేది. ఇప్పుడు కోట్ల రూపాయల పని, వందలాది మంది శ్రమ చేతిసంచిలో ఇమిడిపోతున్నది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో సగభాగం విడుదలకు ముందే బయటపడగా, నిర్మాతలు తొందరపడి అదే నెల 27న చిత్రాన్ని విడుదల చేయవలసివచ్చినది.

దొంగతనం సంగతి అటుంచితే, దొంగ అవసరం లేకుండానే సరుకు బయటికి పోయే దారి మరొకటున్నది. పని ముగిసిన డిస్కును ఎవరూ పారవేయరు. బంజారా హిల్స్, జూబిలీ హిల్స్ పరిసరాలలోని ఎడిటింగ్ గదులలోనైనా, మరెక్కడనైనా, దానిని తుడిచి వేరొక పనికి వాడడమో, ఇతరులకు ఇవ్వడమో జరుగుతుంది. ఈ ‘తుడవడం’ అనే మాట దగ్గరనే చిక్కంతా ఉన్నది. లినక్స్ యంత్రాలమీద ఈ పనికి చాలమంది ఆశ్రయించే ఉపకరణం ‘వైప్‌ఎఫ్‌ఎస్’. యుటిల్-లినక్స్ అనే ఉపకరణాల సంపుటిలో ఇది ఒకటి. రచయిత కారెల్ జాక్. ‘వైప్’ అనగా తుడుచుట, ‘ఎఫ్‌ఎస్’ అనగా ఫైల్ సిస్టం. పేరు చూచినవారు ఇది ఫైళ్ల ఏర్పాటునంతా తుడిచివేస్తుందని అనుకోవడం సహజం. అది చేసే పని అది కాదు.

ఫిలిం డబ్బాను తలచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. డబ్బా మూతమీద చీటీ ఉంటుంది: ఫలానా చిత్రం, ఫలానా రీలు. డిస్కుమీద కూడా అటువంటి చీటీ ఉంటుంది. దానినే సంతకం అంటారు. యంత్రం ఒక డిస్కును చూడగానే కొన్ని నియమిత స్థానాలలోని బైట్లను చదివి, అది ఏ జాతి డిస్కో పోల్చుకుంటుంది. ఈఎక్స్‌టీ4 ఏర్పాటు ఉన్నచోట మొదటినుండి 1080 బైట్ల తరువాత రెండే రెండు బైట్లుంటాయి: పదహారు ఆధారంగా గల లెక్కలో 53, ఇఎఫ్. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు మొట్టమొదటనే నాలుగక్షరాలు. ఎక్స్‌ఫ్యాట్‌కు మూడు బైట్లు దాటగానే దాని పేరే ఎనిమిది బైట్లలో వ్రాసి ఉంటుంది. వైప్‌ఎఫ్‌ఎస్ చెరిపేది ఈ గుర్తులను మాత్రమే. నాలుగు టెరాబైట్ల డిస్కుమీది ఈఎక్స్‌టీ4ను ‘తుడిచినప్పుడు’ మారేది రెండు బైట్లు. చీటీ చించినారు, రీలు డబ్బాలోనే ఉన్నది.

న్యాయంగా చెప్పవలసివస్తే, ఈ సంగతిని ఉపకరణం దాచలేదు. ఫైల్ సిస్టమును గాని, అందులోని సమాచారాన్ని గాని తాను చెరపనని దాని వివరణపత్రం మొదటనే చెప్పుతున్నది. పైగా ఇది పుట్టినది రహస్యరక్షణ కోసం కాదు, గందరగోళం తొలగించడం కోసం. ఒకప్పుడు నాలుగైదు డిస్కులతో కలిసి ఒక రెయిడ్ కూటమిలో పనిచేసిన డిస్కును విడదీసి మరొక యంత్రానికి తగిలిస్తే, పాత కూటమి గుర్తు చూచి ఆ యంత్రం తికమక పడుతుంది. లేని కూటమిని నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. అక్కడ వైప్‌ఎఫ్‌ఎస్ చేసే మేలు ఇంతా అంతా కాదు. ఏ ఐచ్ఛికమూ ఇవ్వకుండా పిలిస్తే అది దేనినీ ముట్టదు. ఏ గుర్తులు ఏ స్థానంలో ఉన్నవో పట్టిక వేసి చూపి ఊరుకుంటుంది. ‘నో-యాక్ట్’ అంటే చేయబోయేదంతా చెప్పి చేయకుండా నిలుస్తుంది. వాడుకలో ఉన్న డిస్కును చెరపమంటే, బలవంతపెడితే తప్ప, నిరాకరిస్తుంది. ఇంత మర్యాదగల ఉపకరణాలు ఆ సంపుటిలో ఎక్కువ లేవు.

అయినా మూడు లోపాలు ఎత్తిచూపక తప్పదు.

మొదటిది, ‘ఆల్’ అనే ఐచ్ఛికం ఇచ్చినప్పుడు ఇది ‘అవునా, కాదా’ అని అడగదు. లినక్స్‌లో డిస్కుల పేర్లు ఎస్‌డిబి, ఎస్‌డిసి అని ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి. యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే ఆ పేర్లు తారుమారు కావచ్చును కూడా. అర్ధరాత్రి ఎడిటింగ్ బల్లముందు నిద్రకళ్లతో కూర్చున్నవాడు ఒక అక్షరం తప్పు కొడితే నెల రోజుల షూటింగు ఒక్క క్షణంలో కనబడకుండా పోతుంది. చెరిపిన బైట్లను ముందుగా ఒక ఫైలులో దాచే ‘బ్యాకప్’ ఐచ్ఛికం ఉన్నది. ఆ ఫైలు ఉంటే, డీడీ అనే మరొక ఉపకరణంతో ఆ బైట్లను వాటి స్థానంలో తిరిగి వ్రాసి డిస్కును బ్రతికించవచ్చును. కాని అది అడిగితేనే దాచుతుంది. రెండు బైట్లు, ఎనిమిది బైట్లు దాచడానికి ఎంత చోటు కావలెను? అడగకపోయినా దాచడమే రివాజు కావలసింది.

రెండవది భాగాల విషయం. ఒక డిస్కును రెండు మూడు భాగాలుగా విభజించి ఉన్నదనుకుందాం. మొత్తం డిస్కు పేరు చెప్పి చెరపమంటే, జీపీటీ అనే విభాగపట్టిక గుర్తులు మాత్రమే పోతాయి: మొదట 8 బైట్లు, డిస్కు చివరనున్న నకలులో 8, పాతకాలపు రక్షణ గుర్తు 2, వెరసి 18 బైట్లు. ఒక్కొక్క భాగంలోపలి ఫైల్ సిస్టం చెక్కుచెదరదు. రేపు ఎవరైనా అవే సరిహద్దులతో భాగాలు గీస్తే పాత ఫైళ్లన్నీ పేర్లతో సహా ఎదుట నిలుస్తాయి. అదే సంపుటిలోని ఎఫ్‌డిస్క్ ఇటువంటి చోట ‘ఈ భాగంలో పాత గుర్తున్నది, తీసివేయనా?’ అని అడుగుతుంది. ముందు భాగాలను, తరువాత మొత్తం డిస్కును చెరపడం తెలిసినవారి పద్ధతి.

మూడవది పేరు. ఇది చిన్న లోపమని తోచవచ్చును గాని, అన్నిటికన్న ప్రమాదమైనది ఇదే. ఈఎక్స్‌టీ4లో ముఖ్యవివరాల నకళ్లు డిస్కుమీద అక్కడక్కడ ఉంటాయి. సాధారణపు కొలతలలో మొదటి నకలు 32,768వ దిమ్మెలో, అనగా 13,42,17,728 బైట్ల దూరాన ఉంటుంది. వైప్‌ఎఫ్‌ఎస్ దాని జోలికి పోదు. మరమ్మతు ఉపకరణం దానిని పట్టుకొని పాత ఏర్పాటును నిలబెట్టగలదు. ఇక ఫోటోరెక్ వంటి ఉచిత ఉపకరణాలకు ఫైల్ సిస్టమే అక్కరలేదు. అవి ఒక్కొక్క దిమ్మె చదువుతూ వీడియో, చిత్రం, పత్రం అనే జాతిలక్షణాలను చూచి ఏరుకుంటాయి. చీటీ లేని డబ్బాను మూత తీసి వెలుతురుకు పట్టి చూచినట్లే. ‘తుడిచినాను’ అని నమ్మి డిస్కు అమ్మినవాడు, లోపలి సరుకుతో సహా అమ్మినట్లు.

నిజంగా తుడవాలంటే ఓపిక కావలెను. సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో నాలుగు టెరాబైట్ల డిస్కు నిండా సున్నాలు వ్రాయడానికి 20,000 సెకన్లు, అనగా అయిదున్నర గంటలు పడుతుంది. వైప్‌ఎఫ్‌ఎస్ కనురెప్పపాటులో ముగుస్తుంది. జనం దేనివైపు మొగ్గుతారో వేరే చెప్పనక్కరలేదు. తిరిగే పళ్లెంలేని ఎస్‌ఎస్‌డి డిస్కులలో పైనుండి సున్నాలు వ్రాసినా అన్ని కణాలకూ అవి చేరుతాయన్న హామీ లేదు. ఆ డిస్కులోనే ఏర్పరచిన శుద్ధి ఆజ్ఞను వాడవలెను.

ఇంకొక మార్గం, మొదటినుండీ డిస్కులోని సమస్తాన్నీ లక్స్ పద్ధతిలో గుప్తలిపిలో వ్రాయడం. అప్పుడు తాళపుచెవులు పోతే చాలు, మిగిలినది అర్థంలేని అంకెల రాశి. ఇక్కడ కూడా వైప్‌ఎఫ్‌ఎస్ ఆ డిస్కుపై ఉన్న ‘లక్స్’ అనే గుర్తును తీసివేస్తుందే గాని చెవులను ముట్టదు. గుర్తు తిరిగి వ్రాసి, సంకేతపదం తెలిసినవాడు తలుపు తీయగలడు. చెవులను చెరిపే ఆజ్ఞ క్రిప్ట్‌సెటప్ అనే వేరొక ఉపకరణంలో ఉన్నది. అది పని మొదలుపెట్టే ముందు ‘అవును’ అని పెద్ద అక్షరాలలో కొట్టమని అడుగుతుంది.