నిర్ధారణా? వర్గీకరణా? – ట్రాన్స్‌ఫార్మర్ దోషాల గుర్తింపులో న్యూరల్ నెట్‌వర్కులు: ఒక పరిశీలన

విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి చూడకుండానే లోపలి దోషాన్ని పసిగట్టడానికి దానిలోని నూనె ప్రధానాధారం. అధిక ఉష్ణానికి, విద్యుదుత్సర్గానికి గురైన నూనె విచ్ఛిన్నమై, పుట్టిన వాయువులు అందులోనే కరుగుతాయి. పాక్షిక ఉత్సర్గానికి హైడ్రోజన్, తీవ్రమైన వేడికి ఇథిలీన్, ఆర్క్‌కు ఎసిటిలీన్ ముఖ్య సూచికలు. ఈ వాయువుల పరిమాణాల నుంచి దోషాన్ని గుర్తించే పనిని న్యూరల్ నెట్‌వర్కులకు అప్పగించే పరిశోధన మూడు దశాబ్దాలుగా సాగుతున్నది. 1996లో జాంగ్, డింగ్, లియు, గ్రిఫిన్ ప్రచురించిన రెండంచెల పద్ధతి ఇందులో తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

ఈ పరిశోధనలు తమ పనిని ‘దోషనిర్ధారణ’ అని వ్యవహరిస్తాయి. నిజానికి అక్కడ జరిగేది వర్గీకరణ. ఈ భేదం కేవలం పదానికి సంబంధించినది కాదు.

రోజర్స్ నిష్పత్తుల పద్ధతిలో కొన్ని నమూనాలు పట్టికలోని ఏ వరుసకూ సరిపోవు. అప్పుడు ఆ పద్ధతి ఏమీ చెప్పదు. పరిశోధకులు దీనిని లోపంగా చూపి, న్యూరల్ నెట్‌వర్కు ఆవశ్యకతను ప్రతిపాదిస్తారు. అయితే ఆ మౌనం కూడా ఇంజనీరుకు ఒక సమాచారమే. మరో నమూనా తీయమని అది సూచిస్తుంది. డువాల్ త్రిభుజం ఇందుకు భిన్నమైనది. మీథేన్, ఇథిలీన్, ఎసిటిలీన్ శాతాల మొత్తం 100 కనుక ప్రతి నమూనా ఏదో ఒక దోషమండలంలో పడి తీరుతుంది. ఆరోగ్యకరమైన స్థితికి అందులో చోటే లేదు. అందుకే వాయువులు అసాధారణంగా ఉన్నాయని తేలిన తరువాతనే దానిని వాడాలన్న నియమం ఏర్పడింది. దోషవర్గాల మీదనే శిక్షణ పొంది, సంభావ్యతల మొత్తం 1 అయ్యేలా ఫలితమిచ్చే నెట్‌వర్కుదీ ఇదే స్వభావం. నియమం మాత్రం దాని వెంట రాలేదు.

ట్యాప్ ఛేంజర్ ఉదాహరణ ఇక్కడ గమనార్హం. ఆన్‌లోడ్ ట్యాప్ ఛేంజర్‌లో స్విచింగ్ జరిగినప్పుడు ఆర్క్ సహజం. ఆ అరలోని నూనె ప్రధాన ట్యాంకులోకి చేరితే, దోషమేమీ లేకపోయినా ఎసిటిలీన్ కనిపిస్తుంది. ఎసిటిలీన్, హైడ్రోజన్ నిష్పత్తి 2–3 దాటితే ఈ కలుషితాన్ని అనుమానించాలని ఐఈసీ 60599 ప్రమాణం చెబుతుంది. వాయువుల అంకెలు, దోషవర్గాల పేర్లు తప్ప మరేమీ ఎరుగని నెట్‌వర్కు దానిని ఆర్క్ దోషంగానే ప్రకటించే అవకాశం ఉంది. న్యూరల్ నెట్‌వర్కును తెలుగులో ‘నాడీజాలం’ అన్నప్పుడు నాడి చూసే వైద్యుడు స్ఫురిస్తాడు. ఆ వైద్యుడు నాడి పట్టుకున్నా, రాత్రి ఏమి తిన్నావని అడగక మానడు.

ఖచ్చితత్వ శాతాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. విప్పి చూసి దోషాన్ని ధ్రువీకరించిన ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువ. అటువంటి వాటిని సేకరించిన ఐఈసీ టీసీ 10 దత్తాంశాన్నే అనేక వ్యాసాలు శిక్షణకూ పరీక్షకూ పంచుకుంటాయి. సర్వీసులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లలో అత్యధికం దోషరహితాలు. ఆ దత్తాంశంలో దోషయుక్తాలదే ప్రాబల్యం. కాబట్టి అక్కడి శాతాన్ని సబ్‌స్టేషన్‌కు యథాతథంగా అన్వయించడం కుదరదు. ఎన్ని నమూనాల విషయంలో తమ నెట్‌వర్కు తీర్పు ఇవ్వకుండా ఆగిందో కూడా ఈ వ్యాసాలు ఆ శాతం పక్కనే పేర్కొనవలసి ఉంది.