మినుములు ఏరే బడి

ఈ వారం నిడుబ్రోలు స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద కూర్చున్నాయన అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. "మా వీధి అంగన్వాడీలో పట్టుమని పదిమంది పిల్లలు లేరండీ. తీసుకెళ్లి పక్కదాంట్లో కలిపెయ్యక, ఇంకా ఎందుకది?" చుట్టూ ఉన్నవాళ్లు అవునంటూ తలలూపారు. పక్కదంటే జీబీసీ రోడ్డు దాటాలి. లారీలూ బస్సులూ ఆగకుండా పోయే ఆ రోడ్డు మూడేళ్ల పిల్ల ఎలా దాటుతుందో ఎవరూ అడగలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పట్టు తెలిసిందే. మూడేళ్ల పిల్లల చేతికి పెన్సిలూ నాలుగుగీతల పుస్తకమూ ఇవ్వకూడదు. మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడని వయసది. మరి ఏమివ్వాలి? అది చూద్దామనే మర్నాడు పొన్నూరులో అలాంటి చిన్న కేంద్రానికే వెళ్లి ఓ మూల కూర్చున్నాను.

ఎనిమిది మంది పిల్లలు. టీచరమ్మ చాటలో మినుములూ పెసలూ కందులూ కలిపి పోసి, మధ్యలో పెట్టి, మూడు గిన్నెలు పక్కన ఉంచింది. ఓ పిల్ల గుప్పెడు తీసి ఒకే గిన్నెలో పోసేసింది. "ఒక్కొక్కటే తియ్యి నాన్నా" అంటూ టీచరమ్మ ఆ పిల్ల బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి చేర్చింది. గింజ జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. మూడోసారి మినప్పప్పుకి పనికొచ్చే ఆ నల్లగింజ గిన్నెలో పడ్డప్పుడు పిల్ల మొహం చూడాలి. "ఏ గిన్నెలో ఎక్కువున్నాయి?" అని టీచరమ్మ అడగ్గానే గొడవ మొదలైంది. ఆ గొడవలో లెక్క ఉంది, రంగు ఉంది, మాట ఉంది. రేపు పెన్సిల్ పట్టుకోబోయే వేళ్లకి బలమూ అక్కడే వస్తోంది. ఇంతసేపూ ఎవరూ గింజ ముక్కులో పెట్టుకోకుండా ఆవిడ కనిపెడుతూనే ఉంది. ముప్పైమంది ఉంటే ఒక్క మనిషి ఈ పని చేయలేదు.

అంతలో రేషన్ కోసం ఒక గర్భిణి వచ్చింది. టీచరమ్మ లేచి ఫోన్ తీసి, పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి, ఆవిడ ముఖం ఫొటో పట్టడానికి వెలుతురున్న చోటికి తీసుకెళ్లింది. ఆయా పొయ్యి దగ్గరుంది. చాట పక్కకు జరిగింది. గింజల పాఠం ఇక ఆ పూటకి కాలేదు.

ఇది ఆవిడ లోపం కాదు, ఈ ఏర్పాటు పెరిగిన తీరులోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దానికి మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు సాయంతో పల్లెల్లో బాలవాడీలు నడిచాయి. తర్వాత 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడికి ముందు చదువు, మొత్తం ఆరు సేవలు. వీటిలో చాలా భాగం ఒక్క టీచరమ్మ నెత్తినే పడ్డాయి. తూకానికి లెక్కుంది, గుడ్డుకి లెక్కుంది. చదువుకి లెక్క లేదు కాబట్టి రోజులో మొదట కోత పడేది దానికే. ఆ మనిషికి 2023లో నెలకి ఇచ్చింది 11,500 రూపాయలు, అదీ జీతమనరు, గౌరవవేతనం. పెంచమని ఆ ఏడు డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. ఆ రోజుల్లో కొన్నిచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టారు. తాళం తీసినంత మాత్రాన గింజలు ఏరించడం వచ్చేస్తుందా?

పక్కనే తమిళనాడులో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 320 అంగన్వాడీల మీద అధ్యయనం చేశారు. వాటిలో కొన్నిటికి సగంపూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చారు. పాఠం చెప్పే సమయం రెట్టింపైంది. పిల్లలు లెక్కల్లో, భాషలో ముందుకెళ్లారు. ఎదుగుదల ఆగిన పిల్లలూ, తీవ్ర పోషకాహార లోపమూ తగ్గాయి.

ఇక్కడిదాకా వచ్చాక, పిల్లలు తక్కువుండటమే మేలని రాసి ముగిద్దామనుకున్నాను. కానీ ఆ రోజు కేంద్రం బయట ఒక తల్లి కనిపించింది. కూలికి వెళ్లని రోజట. కొడుకుని కాన్వెంటుకి పంపుతోంది. ఇంత దగ్గర్లో బడి ఉండగా ఎందుకమ్మా అన్నాను.

"మిరప కోతలప్పుడు పెదనందిపాడు వైపు పోతామండీ. ఇక్కడ తలుపు తీసే పాటికి నేను చేలో ఉంటా. కాన్వెంటోళ్లు పెందలాడే వ్యాను పంపిస్తారు. మా పెద్దది వాణ్ణి ఎక్కించి బడికి పోద్ది. రాత్రికి వాడు రాసింది పుస్తకంలో చూపిస్తాడు. ఇక్కడ ఏం నేర్పుతున్నారో మాకెట్టా తెలుస్తది?"

ఈ మాటల్లో తప్పేమీ లేదు. పెన్సిల్ విషయంలో నా పట్టు సడలలేదు గానీ, పిల్లలు తగ్గడానికి ఇంగ్లీషు మోజే కారణమని తరచూ వినబడే వాదన ఈవిడ ముందు నిలవదు. బడి వేళ తల్లి పని వేళకి కలవడం లేదు. నేర్పింది తల్లి కంటికి ఆనడం లేదు. ఎనిమిది మందే ఉన్నారు, హాయిగా నేర్చుకుంటున్నారని సంతోషపడితే, మిగతా పిల్లలు బయటుండటం వల్ల వచ్చిన హాయి అది. ఆ పిల్లలు కూడా ఈ చాట చుట్టూ కూర్చోవాలి. అందుకు రెండో టీచరు కావాలి, కోతల కాలంలో పొద్దున్నే తలుపు తీయాలి.

టీ బల్ల దగ్గర తలలూపిన పెద్దలకీ, పాఠకులకీ ఒక్కటే మనవి. మీ వీధి అంగన్వాడీకి ఒక పొద్దున వెళ్లి గంటసేపు కూర్చోండి. పాఠం ఎన్నిసార్లు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసుకోండి. మూసెయ్యమని కాదు, ఇంకో మనిషిని ఇవ్వమని ఆ కాగితం మీ వార్డు కార్యాలయంలో ఇవ్వండి.