ఆగినా మరిచిపోని యంత్రం

కిట్ కొని టంకం పెట్టి బుల్లి కంప్యూటర్ చేసుకునేవాళ్లు, అది ఎంత తక్కువ కరెంటుతో నడుస్తుందో మురిసిపోతూ చెబుతారు. దాని వల్ల కరెంటు బిల్లులో కనపడేంత తేడా ఏమీ రాదు. ఆ పొదుపు వెనకున్న గుణమే యంత్రాన్ని మధ్యలో నిలబెట్టి చూసే వీలిస్తుంది. నేర్చుకునేవాడికి దక్కే అసలు లాభం అదే. దీనికి మంచి ఉదాహరణ కాస్మాక్ ఎల్ఫ్ అనే బుల్లి కంప్యూటర్. ఆర్‌సీఏ ఇంజినీరు జోసెఫ్ వైస్‌బెకర్ 1976 ఆగస్టులో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అనే అమెరికన్ పత్రికలో దాని నమూనా ఇచ్చాడు. 1802 ప్రాసెసర్, 256 బైట్ల మెమరీ, వరసగా స్విచ్చులు, రెండంకెల డిస్‌ప్లే, ఒక ఎల్ఈడీ: దాదాపు ఇంతే. ఇప్పుడు అదే ప్రాసెసర్‌తో పిప్పరమెంటు డబ్బాలో పట్టే కిట్లు కూడా వస్తున్నాయి.

1802 సీమాస్ పద్ధతిలో తయారైన చిప్పు. సీమాస్ గేటు సున్నా నుంచి ఒకటికో, ఒకటి నుంచి సున్నాకో మారేటప్పుడే చెప్పుకోదగ్గ కరెంటు లాగుతుంది. ఊరికే ఉన్నప్పుడు లాగేది లేనట్టే. పైగా దీని రిజిస్టర్లు (చిప్పు లోపలి చిన్న నిల్వ గదులు) స్టాటిక్ రకం కాబట్టి, చిప్పును అడుగడుగునా నడిపించే క్లాక్‌ను ఆపేసినా వాటిలో ఉన్నది చెరగదు. అదే కాలపు ఇంటెల్ 8080 క్లాక్‌ను అలా ఆపేయడం కుదరదు. ఎల్ఫ్‌లో స్విచ్చులతో 7బీ, 7ఏ, 30, 00 అని నాలుగు బైట్లు ఎక్కించండి. ఎల్ఈడీ వెలిగించు, ఆర్పు, (చివరి రెండూ కలిపి) మళ్లీ మొదటికి వెళ్లు అని వాటి అర్థం. ఒక చుట్టుకు 48 క్లాక్‌లు పడతాయి. ఒక మెగాహెర్ట్జ్ క్లాక్ మీద ఎల్ఈడీ సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా మిణుకుమంటుంది, కంటికి మాత్రం మసగ్గా వెలుగుతున్నట్టే ఉంటుంది. క్లాక్‌ను వంద హెర్ట్జ్‌కు దించితే సెకనుకు రెండుసార్లు వెలిగి ఆరుతుంది. ప్రోగ్రామ్ నడవడమంటే ఏమిటో అప్పుడు కళ్లెదుట ఉంటుంది.

కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పినచోట చెప్పిన ముక్క అతికించడం చదువెలా అవుతుందని కొందరు అడుగుతారు. సగం నిజమే, టంకం పెట్టడం చేతికి మాత్రమే నేర్పుతుంది. స్విచ్ వేశాక ఏమీ వెలగనప్పుడు బుర్రకు పని మొదలవుతుంది. క్లాక్ ఆపితే ప్రతి పిన్ను మీదా వోల్టేజీ కదలకుండా నిలుస్తుంది, ఏ అడ్రస్ లైను తెగిందో మామూలు మల్టీమీటరే చెబుతుంది. పరుగెత్తే యంత్రంలో ఇదే తప్పు పట్టాలంటే ఆసిలోస్కోపు లాంటిది కావాలి. ఈ యంత్రాన్ని తెర మీద అనుకరించే ఎమ్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది: సరిగా అతకని టంకం ఎమ్యులేటర్‌లో ఉండదు. ఈ కాలపు బుల్లి కంప్యూటర్ రాస్‌బెర్రీ పై దీనికన్నా వేల రెట్లు శక్తిమంతమైనదే, ఇంట్లో పనికొచ్చేదీ అదే. కానీ సెకనుకు వందల కోట్ల సార్లు కొట్టుకునే దాని క్లాక్‌ను పట్టుకుని ఈ ఆదేశం దగ్గర ఏం జరిగిందని అడగలేం.

మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ లాబుల్లో 8085, 8086 ట్రైనర్ కిట్లు ముందే బిగించి వస్తాయి. విద్యార్థి రికార్డులోని హెక్స్ కోడ్ చూసి కొడతాడు, జవాబు వస్తే సంతకం పడుతుంది. ఆ బల్ల మీదే విద్యార్థులు బిగించిన 1802 బోర్డు కూడా ఒకటి ఉంటే, వైవాలో ఫెచ్ సైకిల్ (మెమరీ నుంచి ఆదేశాన్ని తెచ్చుకునే దశ) అంటే ఏమిటని అడిగినప్పుడు క్లాక్ ఆపి, డేటా బస్ మీద మల్టీమీటరు పెట్టి చూపించొచ్చు.