కడిగిన వెన్నే నిలుస్తుంది

వెన్న ఎన్నాళ్లు నిలుస్తుందనేది దానిలో చిక్కుకుని ఉన్న నీరు, మజ్జిగల పాళ్లను బట్టి ఉంటుంది. బజారులో దొరికే ఉప్పు వెన్నలో, అంటే టేబుల్ బటర్‌లో, పాల కొవ్వు 80 శాతానికి తగ్గకూడదని, తేమ 16 శాతానికీ ఉప్పు 3 శాతానికీ మించకూడదని దేశంలోని ఆహార ప్రమాణాలు నిర్దేశిస్తుండగా, ఇంట్లో కవ్వంతోనో మిక్సీతోనో తీసే తెల్ల వెన్నకు తీసిన చేతి నేర్పే కొలత.

ఈ నేర్పుకు ఎక్కువ పరీక్ష పెట్టే ఊళ్లలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఒకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా వేసిన మార్గాన్ని 1891లో సరకు రవాణాకు తెరవడంతో జంక్షనుగా ఎదిగి, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ ఊరికి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు, రోజూ మీగడ తీసి దాచి, తోడు వేసి చిలికి, నెయ్యి కాచుకునే అలవాటును వెంట తెచ్చుకున్నాయి. అయితే పాల కొవ్వు సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది కాబట్టి, మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే చోట గూట్లో పెట్టిన వెన్న మధ్యాహ్నానికి ముద్దగా మిగలదు.

వెన్న చెడడం రెండు దారుల్లో జరుగుతుంది. లోపల మిగిలిన మజ్జిగలోని పాలచక్కెర, మాంసకృత్తులను తిని పెరిగే సూక్ష్మజీవులు లైపేజ్ అనే ఎంజైమును, అంటే కొవ్వును విడగొట్టే పదార్థాన్ని, విడుదల చేస్తే బ్యుటిరిక్ ఆమ్లం బయటపడి ఘాటైన వాసన పుడుతుంది; ఆ ఆమ్లం పేరు కూడా వెన్నను సూచించే లాటిన్ మాట నుంచే వచ్చింది. గాలి, వెలుతురు తగిలి కొవ్వు ఆక్సీకరణం చెందడం, అంటే ప్రాణవాయువుతో కలిసి కనరు వాసన పట్టడం, రెండో దారి.

మొదటి దారిని మూసేది కడగడమే. వేసవిలో చిలికేటప్పుడు నాలుగు ఐసు ముక్కలు వేస్తే పూసలు పూసలుగా తేలే వెన్న గట్టిపడి ఒకచోట చేరుతుంది. దాన్ని వెడల్పాటి గిన్నెలోకి తీసి చల్లని నీరు పోసి పిసికితే మొదటి నీరు పాలలా తెల్లబడుతుంది, రెండో నీరు పలచబడుతుంది, మూడో నాలుగో నీటికి గిన్నె అడుగు కనిపిస్తుంది. అప్పుడు ముద్దను అరచేతితో గిన్నె అంచుకు అదిమితే సన్నని నీటి బొట్లు చెమటలా పైకి వస్తాయి. వాటిని వంచేయడంతో కడగడం పూర్తవుతుంది.

రెండో దారిని నెమ్మదింపజేసేది ఫ్రీజరు. మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది గాని ఆక్సీకరణం పూర్తిగా ఆగదు. పైగా వెన్న పక్కనున్న చేప వాసననూ అల్లం వెల్లుల్లి ముద్ద వాసననూ ఇట్టే పట్టేస్తుంది. అందుచేత వెన్నను వారానికి సరిపడే చిన్న ముద్దలుగా చేసి, గాలి చొరబడకుండా బటర్ పేపరులో చుట్టి, మూత గట్టి డబ్బాలో ఉంచి, తేదీ రాసి, తలుపుకు దూరంగా లోపలి మూలన పెట్టడం మేలు. ఇలా ఉంచిన వెన్న కొన్ని నెలలపాటు బాగుంటుంది. ఉప్పు వేసినది సాధారణంగా ఇంకొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. వాడుకోవలసిన ముద్దను ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. కరెంటు పోయి మెత్తబడిన ముద్దను మళ్లీ గడ్డకట్టించడం కంటే కాచేయడం తెలివైన పని.

కాచడమంటే వెన్నలో మిగిలిన నీటిని పూర్తిగా వెళ్లగొట్టడమే: చిటపటలు ఆగి గసి ఎర్రబడేసరికి నీరు దాదాపు ఆవిరైపోయి, మిగిలిన నెయ్యి ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తుంది. ఫ్రిజ్‌లు రాక మునుపు వెన్నను ఎక్కువ కాలం దాచడానికి తెలుగిళ్లకు తెలిసిన నమ్మకమైన మార్గం ఇదే. ఫ్రీజరు వెన్నకున్న మంచి గుణాన్ని కాపాడగలదు గాని లేని గుణాన్ని తేలేదు. సరిగా కడగని వెన్న ఎంత చల్లని అరలో పెట్టినా, బయటికి తీసిన రోజే తన లోపాన్ని వాసనతో చెప్పేస్తుంది.