కరయాన్ సింఫొనీ చిత్రాలు

హెర్బర్ట్ ఫాన్ కరయాన్ బెర్లిన్ ఫిల్హార్మొనిక్ వాద్యబృందంతో తీయించిన సింఫొనీ చిత్రాలను గురించి మన మిత్రులలో రెండు వాదాలున్నాయి. ఆయన 1933లో నాజీ పార్టీలో చేరినవాడు గనుక వాటిని చూడనక్కరలేదని కొందరంటారు. సంగీతానికి రాజకీయాలతో పనేమిటని మరికొందరంటారు. రెండూ చిత్రాలు చూడకుండానే చెయ్యగల వాదాలు. నేను చూసినదాన్ని బట్టి మాట్లాడతాను.

1973లో తీసిన చైకోవ్స్కీ ఆరవ సింఫొనీ ఉన్నది. వాద్యం గొప్పది, సందేహం లేదు. చివరి భాగంలో తంత్రీవాద్యాలు కుంగి కుంగి నిశ్శబ్దంలో కలిసిపోతుంటే రాయి అయినా కదలవలసిందే. కాని కంటికి కనిపించేదేమిటి? కళ్ళు మూసుకున్న కరయాన్ ముఖం, ఆయన చేతులు, వెలుగుపడి మెరిసే ఆయన జుట్టు. ఆ తరువాత ఒకే వాలుగా లేచి దిగే కమాన్ల వరస, ఇత్తడి వాద్యాల నోళ్ళు, మీటలమీద వేళ్ళు. ఆ వేళ్ళు ఎవరివో వారి ముఖాలు మాత్రం అరుదు.

ఈ చిత్రాలలో చాలావాటికి శబ్దం ముందుగానే రికార్డు చేశారు. తరువాత వాద్యకారులు కెమెరా ముందు కూర్చుని ఆ శబ్దానికి అనుగుణంగా వాయిస్తున్నట్టు నటించారు. మన సినిమాల ప్లేబాక్ పాట ఎరిగినవారికి ఇది వింత కాదు. అయితే మన సినిమాలో పాడేవారొకరు, పెదవులు కదిపేవారొకరు. ఇక్కడ తమ శ్రమను తామే అభినయించారు. పద్ధతిలో తప్పేమీ లేదు, దానివల్ల కెమెరాకు ఎక్కడికైనా పోగల స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛను దేనికి వాడారన్నదే ప్రశ్న. ఎటు తిరిగినా కెమెరా మళ్ళీ ఒక్కడి దగ్గరికే వచ్చి చేరింది. సంగీతం వందమంది చేతులనుంచి కాక ఆ మూసిన కళ్ళ వెనుకనుంచి పుడుతున్నదని ప్రేక్షకుడు నమ్మాలి.

ఇంతకంటే నిజాయితీ గల చిత్రం ఇదే కరయాన్‌తో అంతకుముందే వచ్చింది. ప్రమాదకరమైన సరుకు మోసే లారీ డ్రైవర్ల మీద 1953లో ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ తీసిన ఫ్రెంచి దర్శకుడు క్లూజో, 1965లో వియన్నా సింఫొనీ బృందం షూమన్ నాలుగవ సింఫొనీ సాధన చేస్తుండగా చిత్రీకరించాడు. కరయాన్ ఆపుతాడు, గొంతుతో పాడి చూపుతాడు, మళ్ళీ మొదలుపెట్టమంటాడు. వాద్యకారులు విని, సరిచేసుకుని, మళ్ళీ వాయిస్తారు. ఇక్కడ కరయాన్ మాంత్రికుడు కాడు, పని బాగా తెలిసిన మేస్త్రీ. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇందులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

తెరమీద ముఖాలు లేని ఆ బెర్లిన్ వాద్యకారుల చరిత్ర కూడా తెలుసుకోదగినది. 1882లో బిల్జె అనే యజమాని తన బృందాన్ని నాలుగవ తరగతి రైలుపెట్టెలలో వార్సాకు పంపబోతే, యాభైమందికి పైగా వాద్యకారులు తిరగబడి బయటికి వచ్చి స్థాపించుకున్న బృందం అది. కొత్త సభ్యులను ఓటు వేసి చేర్చుకునే హక్కు వారిది. సరిగ్గా నూరేళ్ళకు, 1982లో, క్లారినెట్ వాద్యకారిణి జబీనే మయ్యర్‌ను చేర్చుకోవాలని కరయాన్ పట్టుబట్టాడు. బృందం ఒప్పుకోలేదు. ఒప్పందం ప్రకారం తప్పనిసరి కాని చిత్రాలు, యాత్రలు వంటివి ఆపేస్తానన్నాడాయన. వాటినుంచి వచ్చే డబ్బు వాద్యకారులకు తక్కువది కాదు. అందమైన ఆ చిత్రాలు బేరానికి ఆయుధం కూడా అయినాయన్నమాట. వాద్యకారులందరూ అమాయకులని నేననను. మొదటి స్త్రీని ఆ బృందంలో చేర్చుకున్నది కూడా ఆ 1982లోనే! స్వపరిపాలన హక్కు పురుషాహంకారానికి మందు కాదు.

లియొనార్డ్ బెర్న్‌స్టయిన్ 1970లలో వియన్నా ఫిల్హార్మొనిక్‌తో తీయించిన మాలర్ చిత్రాలు ఇంకొక దారి. అక్కడా కెమెరాకు నాయకుడి మోజు ఉన్నది. ఆయన గంతులు కొన్నిచోట్ల విసుగే. కాని చెమట దాచలేదు. పైగా యూదుడైన మాలర్ సంగీతాన్ని 1938 తరువాత నాజీలు నిషేధించిన నగరం అది. ఆ నగరపు బృందం కెమెరా ముందు దాన్ని మళ్ళీ నేర్చుకుంటున్నది.

సింఫొనీ కొత్తగా వినే విద్యార్థులు మొదట షూమన్ సాధన చిత్రం చూడాలని నా సూచన. చైకోవ్స్కీ చిత్రాన్ని మొదటిసారి కళ్ళు మూసుకుని విన్నా నష్టం లేదు, కరయాన్ కూడా అలాగే విన్నాడు గదా.