అర్జీలో దయ

పోయిన వారం ఎల్లారెడ్డిలో ఒక జిరాక్స్ షాపు దగ్గర విన్న ప్రశ్న ఈ కాలమిస్టును ఇంకా వదల్లేదు. వాగులో కొడుకును పోగొట్టుకున్న ఒక అవ్వ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మరణ ధ్రువపత్రం నకళ్లు తీయించుకుంటూ అడిగింది: "గీ ఎక్స్‌గ్రేషియా మాకు రావాల్సిందేనా సారూ, ఆళ్లకు ఇయ్యబుద్ధయితేనే ఇస్తరా?"

లాటిన్ ముక్క రాకున్నా ఆ మాట గుట్టు పట్టేసింది. 'ఎక్స్' అంటే నుంచి, 'గ్రాషియా' అంటే దయ. బాధ్యత తమదని ఒప్పుకోకుండా కంపెనీలు ఇచ్చే సొమ్ముకు ఇంగ్లిష్‌లో ఇదే పేరు. పరిహారం అలా కాదు, నష్టానికి బదులుగా అడిగి తీసుకునేది. మన పత్రికలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాయి.

కాలమిస్టు పాత పట్టుదల పాఠకులకు తెలిసిందే. లాటిన్ 'సైన్ డై'ని నిరవధిక వాయిదా చేసుకున్నవాళ్లం, 'సుమోటో'ను తనంతట తానుగా అనలేమా అని ఎన్నిసార్లు రాశాడో! అర్జీ, వాయిదా, వకాల్తానామా కూడా బయటి నుంచి వచ్చినవే. నిజాం కాలపు కచేరీల ఉర్దూ అది. అయినా కామారెడ్డిలో ఏ రైతూ వాటికి అర్థం అడగడు, తరతరాలుగా నోట్లో నానాయి. లాటిన్ మాత్రం కాగితం దాటి రాలేదు. అందుకే ఎక్స్‌గ్రేషియాను కొట్టేయాలని రాయబోయాడు.

షాపు దగ్గరే చట్టం తిరగేస్తే ఆలోచన మారింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 12లో ఉన్నది ఈ లాటిన్ మాటే. కోవిడ్ మృతుల కేసులో 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆ సాయం తప్పనిసరి అని తేల్చింది. ఎంతన్నది ప్రభుత్వం నిర్ణయించవచ్చు, అసలే ఇవ్వమంటే కుదరదు. ఆ తర్వాతే కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయలు ఖరారయ్యాయి. 2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లాను ముంచిన వరదల్లాంటి వాటిలో ప్రాణం పోతే, కేంద్రం విపత్తు సాయం నిబంధనల్లో ఉన్నది 4 లక్షలు.

పేరులో దయ, పనిలో బాధ్యత.

ఇంతలో షాపు పిల్లగాడు అర్జీ రాసిచ్చాడు. చివరి వరుస: 'దయతలచి ఇప్పించగలరని ప్రార్థన.' లాటిన్‌లోని దయ ఎవరికీ వినపడదు. ఈ దయ అందరికీ తెలిసిన తెలుగులోనే ఉంది, అవ్వను చేతులు కట్టుకుని నిలబడమంటోంది.

'విషయం' దగ్గర ఎక్స్‌గ్రేషియాను అలాగే ఉంచి, కాలమిస్టు ఆ చివరి వరుస కొట్టేయించాడు. 'నిబంధనల ప్రకారం మాకు రావలసిన సొమ్ము చెల్లించండి' అని రాయించాడు.

అవ్వ చదివించుకుని విన్నది. 'రావలసిన' దగ్గర ఆపి, ఇంకోసారి చదవమన్నది.