వేగం పెంచాక కొలవాల్సింది

1998 ఆగస్టులో ఇంటెల్ మార్కెట్లోకి వదిలిన ప్రాసెసర్లలో రెండింటిని చూడండి. పెంటియమ్ 2 వేగం 450 మెగాహెర్ట్జ్, టోకు ధర 669 డాలర్లు. సెలెరాన్ 300ఎ వేగం 300 మెగాహెర్ట్జ్, ధర 149 డాలర్లు. చవక చిప్ లోపలి గుణకం, అంటే మల్టిప్లయర్, 4.5 దగ్గర తాళం వేసి ఉంది. దాన్ని కదిలించే వీల్లేదు. మదర్‌బోర్డు నుంచి చిప్‌కి అందే 66 మెగాహెర్ట్జ్ బస్ వేగాన్ని మాత్రం మార్చుకోవచ్చు. ఏబిట్ కంపెనీ బీహెచ్6 లాంటి బోర్డుల్లో దానికి బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాములో, ఒక మెనూయే ఉండేది. 66ని 100 చేస్తే, నాలుగున్నర వందలు 450. ఒక్క సెట్టింగుతో వేగం 50 శాతం పెరిగింది. చాలా చిప్‌లకు వోల్టేజీ కూడా పెంచాల్సిన పని లేకపోయింది. పెంటియమ్ 2లో, తరచూ వాడే డేటాని దగ్గర ఉంచుకునే క్యాష్ మెమరీ 512 కిలోబైట్లు ఉన్నా అది చిప్ బయట ఉండి సగం వేగంతో నడిచేది. సెలెరాన్‌లో 128 కిలోబైట్లే అయినా చిప్ మీదే ఉండి పూర్తి వేగంతో నడిచేది. అందుకే చాలా ఆటల్లో చవక చిప్ ఖరీదైన చిప్‌కి సమానంగా నిలిచింది. చిప్‌ని ఇలా నిర్ణీత వేగాన్ని మించి నడిపే ఓవర్‌క్లాకింగ్ అంతకు ముందే ఉన్నా, దాన్ని ఇంటింటి విద్యగా మార్చింది ఈ చిప్పే.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే ఈ విద్య విలువ ఎక్కడుందో తెలుస్తుంది. ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. తోటలో కోసిన మామిడికాయల్ని సైజు చూసి వేరువేరు గంపల్లో వేసినట్టు, తయారీదారు ప్రతి చిప్‌నీ పరీక్షించి అది తట్టుకునే వేగాన్ని బట్టి వర్గం కేటాయిస్తాడు. తయారీ మెరుగుపడి మంచి చిప్‌లు ఎక్కువైనా చవక చిప్‌ల గిరాకీ తీర్చాలి కాబట్టి వాటిలో కొన్ని తక్కువ వర్గంలోకి పోతాయి. ఆ పైన భద్రత కోసం కొంత వెసులుబాటు వదిలిపెడతాడు. కొనేవాడి గది వేడిగా ఉండొచ్చు, బోర్డు నాసిరకం కావచ్చు, ఏళ్లు గడిచి చిప్ అరిగిపోవచ్చు. వీటన్నిటినీ లెక్కలో వేసుకుని పెట్టె మీద అచ్చేసే అంకె అది. అంటే ఏ చిప్‌కైనా సరిపోయేలా ఇచ్చిన హామీ. మీ చేతిలో ఉన్న చిప్ నిజంగా ఎంతవరకు వెళ్లగలదో ఆ అంకె చెప్పదు, కొలిచి తెలుసుకోవాల్సిందే. ఓవర్‌క్లాకింగ్ అసలు సారం ఆ కొలతలోనే ఉందని నా వాదన. అదనంగా వచ్చే వేగం దాని ఫలితాల్లో ఒకటి మాత్రమే, ఈ రోజుల్లో అదంత పెద్దది కూడా కాదు.

పద్ధతి పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. బస్ వేగాన్ని, అంటే బేస్ క్లాక్‌ని, మల్టిప్లయర్‌తో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. రెండింటిలో ఒకటి పెంచాలి. నెమ్మది చిప్‌ల మీద వేగవంతమైన చిప్ పేరు ముద్రించి అమ్మే మోసగాళ్లు 1990లలో పెరగడంతో ఇంటెల్ మల్టిప్లయర్‌కి తాళం వేసింది. పోటీ కంపెనీ ఏఎండీ వేసిన తాళాన్ని 2000 ప్రాంతంలో ఔత్సాహికులు మామూలు పెన్సిల్‌తో తీశారు. డ్యూరాన్, థండర్‌బర్డ్ అథ్లాన్ చిప్‌ల పైభాగంలో తెగగొట్టిన సన్నని వంతెనలు ఉండేవి. వాటి మీద పెన్సిల్ గీస్తే గ్రాఫైట్ విద్యుత్తును దాటించి మల్టిప్లయర్ విడుదలయ్యేది. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరంలో బేస్ క్లాక్‌ని 100 మెగాహెర్ట్జ్ దగ్గర మిగతా భాగాలన్నిటితో ముడిపెట్టేశారు. దాన్ని నాలుగైదు శాతానికి మించి కదిలిస్తే కంప్యూటర్ మొరాయించేది. పేరు చివర ‘కె’ ఉన్న చిప్ కొన్నవారికే మల్టిప్లయర్ పూర్తిగా తెరిచి ఇచ్చారు. 3.3 గిగాహెర్ట్జ్ ఐ5-2500కె మామూలు గాలి కూలర్ కింద 4.5 దాకా వెళ్లడం అప్పట్లో సర్వసాధారణం.

చేతిపని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మల్టిప్లయర్ ఒక మెట్టు పెంచాలి, కంప్యూటర్‌కి గట్టి పని పెట్టి చూడాలి, నిలబడితే ఇంకో మెట్టు. తడబడితే వోల్టేజీని వోల్టులో నూరో వంతో రెండు వంతులో పెంచి మళ్లీ చూడాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. బయోస్‌లో 1.30 వోల్టులు పెట్టినంత మాత్రాన చిప్‌కి అంతే అందదు. బరువైన పని మొదలవగానే కరెంటు ఎక్కువగా లాగడం వల్ల వోల్టేజీ జారిపోతుంది. 1.24కో 1.22కో దిగొచ్చు. ఆ జారుడుని అదుపు చేసే సెట్టింగుని లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అంటారు. దాన్ని మరీ గట్టిగా బిగిస్తే, పని ఆగిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ లేవడం ఎంత తక్కువ సమయంలో జరిగిపోతుందంటే, తెర మీద కనిపించే కొలత ప్రోగ్రాములకు అది అందదు. అనుభవం ఉన్నవారు మధ్యస్థమైన మెట్టు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

వోల్టేజీ విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. చిప్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే కరెంటు వేగానికి అనులోమంగా, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో నడిచే చిప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లడానికి 1.35 కావాల్సి వచ్చిందనుకుందాం. వేగం 11 శాతం పెరిగింది. వోల్టేజీ పన్నెండున్నర శాతమే పెరిగినా దాని వర్గం దాదాపు 27 శాతం పెరుగుతుంది. రెండూ కలిస్తే కరెంటు ఖర్చు 40 శాతం ఎక్కువ. ఆ కరెంటంతా వేడిగా మారుతుంది. కూలర్ ఆ వేడిని గదిలోకే వదలగలదు. గది ఎంత వేడిగా ఉందో దానికి పైన ఇన్ని డిగ్రీలని చిప్ వేడెక్కుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర 82 చూపించిన చిప్, మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో 36 డిగ్రీల గదిలో 96 చూపిస్తుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 చిప్‌లు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చల్లని దేశంలో ఎవరో సాధించిన సెట్టింగుని మన ఊళ్లో యథాతథంగా ఎక్కించుకుంటే డిసెంబరులో నడిచి మే నెలలో చతికిలబడుతుంది. సంఖ్యలు రాసుకునేటప్పుడు గది ఉష్ణోగ్రత కూడా రాయాలి.

ఇక లాభం కొలవడం. వేగం 20 శాతం పెంచితే పని 20 శాతం త్వరగా అవుతుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. ఒక పనిలో 60 శాతం సమయం ప్రాసెసర్ లెక్కల్లో, 40 శాతం మెమరీ కోసమో డిస్కు కోసమో ఎదురుచూడటంలో పోతుందనుకుంటే, 100 సెకన్ల పని 90 సెకన్లకు వస్తుంది. పనిలో ఒక భాగాన్నే వేగవంతం చేస్తే మొత్తం లాభానికి హద్దు ఉంటుందని జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన ఇక్కడా వర్తిస్తుంది. ఆటల్లో అయితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉన్నప్పుడు ప్రాసెసర్ పెంపు తెర మీద అసలు కనిపించకపోవచ్చు. అందుకే కొలత మీరు రోజూ చేసే పనికి దగ్గరగా ఉండాలి. వీడియో ఎడిట్ చేసేవాళ్లు ఒకే వీడియోని ముందూ తరువాతా ఎగుమతి చేసి గడియారం చూసుకుంటే చాలు. బెంచ్‌మార్కులు, అంటే వేగాన్ని కొలిచే పరీక్షలు, వాడితే వాటి స్వభావం తెలియాలి. టోక్యో విశ్వవిద్యాలయంలో పుట్టిన సూపర్ పై చిన్న పరీక్షగా పెడితే కొన్ని సెకన్లలో ముగుస్తుంది, అంతలో కూలర్ ఇంకా వేడెక్కనే వేడెక్కదు. సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు ఆపకుండా నడుస్తుంది కాబట్టి వేడెక్కాక మిగిలే వేగం బయటపడుతుంది. ఒక్కసారి నడిపి వచ్చిన సంఖ్యని నమ్మకూడదు. ఏమీ మార్చకుండా ఐదుసార్లు నడిపితే సంఖ్యలు 2 శాతం అటూ ఇటూ ఊగుతున్నాయంటే, ఒకటిన్నర శాతం పెరుగుదలని లాభంగా రాసుకోవడం తప్పు.

తెర మీది వేగం, నిజమైన వేగం వేరయ్యే సందర్భాలు ఈ విద్య చరిత్రలో చాలా ఉన్నాయి. 2011 ఆగస్టు 31న ఏఎండీ ఎఫ్ఎక్స్ చిప్ ద్రవ హీలియం చల్లదనంలో 8.429 గిగాహెర్ట్జ్ అందుకుని గిన్నిస్‌కి ఎక్కింది. అదే ఏడాది అక్టోబరులో మార్కెట్లోకి వచ్చిన అదే కుటుంబం చిప్‌లు చాలా పనుల్లో 3.3 గిగాహెర్ట్జ్ ఐ5-2500కె కంటే వెనకబడ్డాయి. చిప్ గడియారం ఒక్కో టిక్కుకి చేసే పని తక్కువైనప్పుడు ఎన్ని టిక్కులు కొట్టినా ప్రయోజనం పరిమితం. 2013లో బయటపడ్డ విషయం ఇంకా ముఖ్యమైనది. విండోస్ 8 నడుస్తుండగా బేస్ క్లాక్ మారిస్తే కంప్యూటర్ గడియారమే తప్పుగా నడిచేది. బేస్ క్లాక్ 6 శాతం తగ్గితే 5 నిమిషాల్లో 18 సెకన్లు మాయమయ్యేవి. సమయం నెమ్మదిగా నడిస్తే పరీక్ష త్వరగా అయిపోయినట్టు కనిపిస్తుంది. రికార్డులు నమోదు చేసే హెచ్‌డబ్ల్యూబాట్ సంస్థ విండోస్ 8 ఫలితాల్ని నిషేధించింది. ఔత్సాహికులు తమ రికార్డుల్ని తామే పక్కన పెట్టుకున్న ఆ నిర్ణయం ఈ కొలత సంప్రదాయం ఎంత గట్టిదో చూపిస్తుందని నేను భావిస్తాను. ఇప్పటి రైజెన్ చిప్‌లలో ఇంకో మాయ ఉంది. వోల్టేజీ చాలకపోతే చిప్ కుప్పకూలకుండా మధ్యలో కొన్ని టిక్కుల్ని సాగదీస్తుంది. తెర మీద పాత గిగాహెర్ట్జే కనిపిస్తుంది, స్కోరు మాత్రం పడిపోతుంది. వేగం, స్కోరు రెండూ పక్కపక్కన రాసుకున్నవారికే అది దొరుకుతుంది.

ఓవర్‌క్లాకింగ్‌కి ఉన్న అభ్యంతరాల్లో బలమైనది నిలకడ గురించి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దాదాపు 10 లక్షల కంప్యూటర్ల క్రాష్ నివేదికలు పరిశీలించి 2011లో ఒక పత్రం ప్రచురించారు. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాలు ప్రాసెసర్ లోపాలతో చాలా ఎక్కువగా పడిపోతున్నాయని అందులో తేలింది. నిర్ణీత వేగం కంటే తక్కువ వేగంతో నడిచేవి మరింత నమ్మకంగా ఉన్నాయి. దీన్ని కాదనడానికి వీల్లేదు. కంప్యూటర్ ఆగిపోయి నీలి తెర పడటం కంటే ఘోరం కూడా ఉంది, చప్పుడు లేకుండా తప్పు లెక్క చేసి ఫైలుని పాడుచేయడం. అయితే ఈ అభ్యంతరం తగిలేది సరిగా పరీక్షించని ఓవర్‌క్లాకింగ్‌కే. ప్రైమ్95ని ఉదాహరణగా చూడండి. అతిపెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి పుట్టిన ఈ ప్రోగ్రాములో చిప్‌ని హింసించే పరీక్ష ఒకటి ఉంది. సరైన జవాబు ముందే తెలిసిన లెక్కల్ని గంటల తరబడి చేయిస్తుంది. ఎక్కడ ఒక్క అంకె తేడా వచ్చినా అక్కడే ఆపి చెబుతుంది. కంప్యూటర్ పడిపోకపోయినా తప్పు పట్టుబడుతుంది. అలాంటి పరీక్ష రాత్రంతా నెగ్గి, ఆ పైన ఒకటి రెండు మెట్లు కిందికి దిగి స్థిరపడిన సెట్టింగుకీ, ఆట పది నిమిషాలు ఆడి బాగుందనుకున్న సెట్టింగుకీ పోలిక లేదు. అయినా ఒక మాట. బ్యాంకు లెక్కలు, పరిశోధన ఫలితాలు, ఇంకొకరి డేటా ఉన్న యంత్రం మీద ఈ పని చేయనే కూడదు.

రెండో అభ్యంతరం, ఇక దీని అవసరం తీరిపోయిందని. చిప్‌లు ఇప్పుడు వేడిని, కరెంటుని తామే చూసుకుంటూ తమ హద్దు దాకా తామే పరుగెడుతున్నాయి. చేత్తో పెంచితే మిగిలేది చాలాసార్లు కొద్ది శాతమే. ఈ మాట నిజం. కానీ దాని నుంచి తీసే ముగింపుతో నేను ఏకీభవించను. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయాయి. మెమరీ వేగాన్ని పెంచే ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు బోర్డులు ఇచ్చిన అదనపు వోల్టేజీ వల్ల జరిగిన నష్టమది. ఏఎండీ ఆ వోల్టేజీకి 1.3 దగ్గర పరిమితి పెట్టింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ఖరీదైన చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజీ అందుకుని మెల్లగా దెబ్బతింటున్నాయని తేలింది. చిప్‌ని నడిపించే మైక్రోకోడ్‌కి ఇంటెల్ దిద్దుబాట్లు విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ చిప్‌లలో చాలావాటి యజమానులు ఓవర్‌క్లాకింగ్ జోలికే పోనివారు. చిప్ తనను తానే హద్దుకి నెట్టుకుంటున్న కాలంలో వోల్టేజీ ఎంత అందుతోందో, వేడి ఎంత ఉందో చదవగలగడం మునుపటికంటే ఎక్కువ అవసరం.

అదే నైపుణ్యాన్ని వెనక్కి తిప్పి వాడటమే ఇప్పటి మంచి మార్గం. వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజీ మెట్టు మెట్టుగా తగ్గిస్తూ, ప్రతి మెట్టునీ అవే పరీక్షలతో తేల్చుకోవడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు ఆ పనికే ఉంది. వోల్టేజీ వర్గం లెక్క ఇప్పుడు మనకి అనుకూలంగా పనిచేస్తుంది. కొద్దిగా తగ్గించినా వేడి బాగా తగ్గుతుంది, వేడి తగ్గిన చిప్ ఎక్కువసేపు పైవేగంలో నిలుస్తుంది. కరెంటు బిల్లూ, వేసవీ రెండూ భారంగా ఉండే మన ఇళ్లకు ఇది సరిగ్గా సరిపోయే పని.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లోనో, ఆన్‌లైన్‌లోనో భాగాలు కొని కంప్యూటర్ కూర్చుకోబోయేవారికి ఒక విన్నపం. మొదటిరోజు ఏదీ మార్చకండి. ఫ్యాక్టరీ సెట్టింగుల్లోనే మీ రోజువారీ పనిని ఐదుసార్లు నడిపి, సమయం, వేగం, వోల్టేజీ, చిప్ వేడి, గది వేడి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లకు వేరే డిస్కులో నకలు తీయండి. ఆ తరువాత ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మీరు వేగం పెంచినా, వోల్టేజీ తగ్గించినా, లాభం వచ్చిందో లేదో తేల్చేది ఆ మొదటి కాగితమే.